నక్షత్రం చీరకు తెల్లదారం

ఉప్మాలో ఉప్పు లేదని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక గానీ సులోచనకు తెలియలేదు. అప్పటికి కొడుకూ కోడలూ సగానికి పైగా తినేశారు. ఇద్దరిలో ఒక్కరూ కిమ్మనలేదు.

ఉప్పు ఒక పలుకు తగ్గితే వీధికి వినపడేలా చెప్పే అలవాటు సంజయ్‌ది. అలాంటివాడు చప్పిడి ఉప్మా నోరు మూసుకుని మింగుతున్నాడంటే గొడవ నిన్నటికన్నా ముదిరిందన్నమాట.

"ఉప్పు నువ్వేసినావనుకున్నానమ్మా," అంది సులోచన కోడలితో.

"మీరేసినారనుకున్నా అత్తా," అంది ప్రియదర్శిని తల ఎత్తకుండా.

సంజయ్ చెంచా ప్లేటులో పడేశాడు. "చూసినావామ్మా? ఈ ఇంట్లో అందరికీ జరిగేదే ఇది. ఉప్పు మర్చిపోయినామని ఎవురన్నా లోకానికంతా ఉత్తరం రాస్తారా?"

"ఉప్మా పత్రికలో అచ్చు కాదు సంజయ్," అంది ప్రియదర్శిని.

"అచ్చయి ఒక వారం ఉంటే ఏమి మునిగిపోతాది? వచ్చే సోమవారం ఇంటర్వ్యూ అయిపోనీ. మంగళవారం నేనే పంపిస్తా. నా చేత్తో పంపిస్తా."

"ఈ పొద్దు సాయంత్రం లోపల చెప్తే అచ్చు ఆపుతామన్నారు. మంగళవారం చెప్తే అచ్చయినదానికి సవరణ వేస్తారు. రెండూ ఒకటేనా?"

"నాకు ఒకటే."

"నాకు కాదు."

సులోచన లేచి ఉప్పు గిన్నె తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. ఎదుటివాళ్లు ముందు ముట్టుకుంటే తాము ముట్టుకుందామని ఇద్దరూ చూస్తున్నట్టుంది.

ఇంతకీ ఈ ఇంట్లో మొన్న సోమవారం నుంచి పొయ్యి సరిగా వెలగకపోవడానికి కారణం హిందూపురం అనే ఊరు పుట్టక ముందెప్పుడో పేలిపోయిన ఒక నక్షత్రం. అది పేలి ఊరుకోలేదు. దాని శిథిలం ఇప్పటికీ ఆకాశంలో ఎక్స్‌రే వెలుగు చిమ్ముతూ ఉబ్బుతూనే ఉంది. కొడుకు ఆ ఫోటో మొదటిసారి చూపించినప్పుడు సులోచన, "పెనం మీద పగిలిన ఓళిగ మాదిరుండాదే," అంది. ఆనాటి నుంచి ఇంట్లో దాని పేరు ఓళిగ, కోస్తావాళ్ల మాటలో బొబ్బట్టు. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరులో అక్షరాలకన్నా అంకెలే ఎక్కువ కాబట్టి ఎవరూ నొచ్చుకోలేదు.

మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి చేసిన పని అది. ఆ ఎక్స్‌రే వెలుగు ఏ వైపుగా ఊగుతోందో ఉపగ్రహంలోని పరికరం పట్టుకుంటుంది. దాన్నే ధ్రువణం అంటారు. అది తెలిస్తే శిథిలంలో అయస్కాంత క్షేత్రం ఏ వైపుగా సాగి ఉందో తెలుస్తుంది. మూలమట్టం పెట్టి గీసినట్టు రెండూ ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. అందుకని లెక్కలో ఒకచోట, ఒకే ఒక్కచోట, గీతను పావు చుట్టు తిప్పాలి.

సంజయ్ తన వంతు లెక్కలో తిప్పాడు. అతను తిప్పలేదనుకుని ప్రియ తన వంతు లెక్కలో మళ్లీ తిప్పింది. రెండుసార్లు పావు చుట్టు తిరిగిన గీత మొదట ఎలా పడుకుందో అలాగే పడుకుంది. ఉప్పే నయం, రెండుసార్లు పడితే నాలుకకు తెలుస్తుంది. ఇదేమో రెండుసార్లు వేసినా అసలు వేయనట్టే. సులోచనకు బి.ఎస్సీ. భౌతికశాస్త్రంలో వచ్చిన మార్కుల ప్రస్తావన ఇక్కడ అనవసరం గానీ, ఈ సంగతి మాత్రం ఆమెకు ఒక్కసారికే అర్థమైంది.

పేలి ఎక్కువ కాలం కాని శిథిలాలు చాలావాటిలో క్షేత్రం నడిమి నుంచి అంచుకు, సైకిల్ చక్రం కమ్మీల్లాగా సాగి ఉంటుందట. ఓళిగలో మాత్రం అంచు చుట్టూ గాజులాగా తిరుగుతోందని వీళ్లు రాశారు. తోటివాటిలాగా లేదు గనకే దానికి పేరొచ్చింది. పత్రిక వాళ్లు వేసుకుంటామన్నారు. బెంగుళూరు సంస్థ వాళ్లు సంజయ్‌ను ఉద్యోగానికి రమ్మని పిలిచారు. ఇప్పుడు లెక్క సరిచేస్తే ఓళిగ కూడా అందరిలాంటిదే. అందులో చెప్పుకోవడానికేమీ లేదు.

పుణెలో చదివే స్నేహ అనే పిల్ల ఆ వ్యాసాన్ని నమ్ముకుని తన పరిశోధన మొదలుపెట్టింది. ఆ పిల్ల అడిగిన సందేహానికి జవాబు రాయబోతూ ప్రియ ఈ తప్పు పట్టుకుంది. సోమవారం పొద్దున్న, వంటింటి గడపలో నిలబడి, "మనం రెండుసార్లు తిప్పినాం," అంది. ఆనాటి నుంచి ఇదీ వరస.

ప్రియ ఒక్కతే ఉత్తరం పంపొచ్చు, ఆపేవాళ్లు లేరు. కానీ ఇద్దరి పేర్లున్న వ్యాసానికి ఒకరి పేరుతో ఉత్తరం వెళితే రెండోవాడు వద్దన్నాడని లోకానికి చాటినట్టే. అందుకని ప్రియ ఆగింది. సాయంత్రం దాకా ఆగుతానంది. ఆ తర్వాత ఆగనంది.

"మన కొట్టులో చీరకు దారమెందుకు కడతారత్తా?" అంది ప్రియ ఉన్నట్టుండి.

సులోచన ఉలిక్కిపడింది. సంజయ్ కుర్చీ వెనక్కి తోశాడు.

"చీర వేరు, ఇది వేరు," అన్నాడు.

"నేను అత్తను అడిగినా."

దారం సంగతి హిందూపురం బజారులో అందరికీ తెలిసిందే. సులోచన అత్తగారు నాగేంద్రమ్మ పెట్టిన ఆచారం. కొట్టుకు వచ్చిన ప్రతి పట్టుచీరనూ వెలుతురులో దండెం మీద పరిచి, లోపం కనపడినచోట తెల్లదారం ముడివేస్తారు. కొనేవాళ్లకు ముందు ఆ దారం చూపించి, తర్వాతే ధర చెబుతారు. ఒక ముడి ఉంటే నేసినవాళ్లకు తెలియకుండా జరిగిన తప్పు. రెండు ముళ్లుంటే తెలిసి దాచిన తప్పు. రెండు ముళ్లు పడిన చీరను కొట్టులో అమ్మరు, ఆ చీర ఇచ్చినవాళ్ల దగ్గర మళ్లీ కొనరు. ముడి వేసేది ఇంటి ఆడవాళ్లే. అమ్మేవాడి కంటికి లోపం కనపడదని నాగేంద్రమ్మ గట్టి అభిప్రాయం. ఆమె పోయాక ఆ పని సులోచనకు వచ్చింది.

"బయల్దేరండి, పొద్దుపోతాంది," అంది సులోచన. అది జవాబు కాదని ముగ్గురికీ తెలుసు.

* * *

ధర్మవరంలో ఇంకో పట్టుచీరల కొట్టు తెరవడమంటే హిందూపురంలో ఇంకో చింతపండు మండీ పెట్టడం లాంటిదే. ఆ మాట సులోచన మొగుడితో అని చూసింది. రామచంద్రయ్య వినలేదు. "అందరి దగ్గరా చీరలుండాయి. మన దగ్గర నక్షత్రముండాది," అన్నాడు.

కోడలు గీసిన ఓళిగ బొమ్మ తీసుకుపోయి, దాన్ని డిజైన్ చేయించి, నేరేడు రంగు పట్టుచీర కొంగు మీదికి జరీతో దించాడు ఆయన. నడుమ గుండ్రటి నక్షత్రం, చుట్టూ గాజులు తొడిగినట్టు జరీ గీతలు. ఈ మధ్యాహ్నం కొత్త కొట్టు తెరిచేది ఆ చీరతోనే. పోయిన ఆదివారమే ధర్మవరం వెళ్లి కూర్చున్నాడు కాబట్టి ఇంట్లో జరుగుతున్నదేమీ ఆయనకు తెలియదు. ఫోన్లో ఎవరు మాట్లాడినా ఆయన తప్ప ఇంకెవరూ మాట్లాడే వీలుండదు.

కారు సంజయ్ నడుపుతున్నాడు. పక్కన ప్రియ. వెనక సీట్లో సులోచన, ఒళ్లో ఓళిగల డబ్బా. అసలు ఓళిగలు.

సోమందేపల్లి దాటాక రోడ్డు పక్కన మొదటి ఫ్లెక్సీ కనపడింది. అందులో ప్రియ ఫోటో, కింద 'విశ్వవిఖ్యాత శాస్త్రవేత్త' అని అక్షరాలు, వెనక నక్షత్ర శిథిలం ఉండాల్సినచోట ఉదయిస్తున్న సూర్యుడు. ఫ్లెక్సీ కొట్టువాడికి శిథిలం శుభంగా తోచలేదట.

"కనీసం ఆ బొమ్మలో తప్పేమీ లేదు," అంది ప్రియ.

సులోచనకు నవ్వొచ్చింది. ముందు సీట్లో ఇద్దరూ నవ్వలేదని చూసి దాన్ని దగ్గులోకి మార్చుకుంది.

"నాయన మొహం చూసి చెప్పు ఆ మాట," అన్నాడు సంజయ్. "ఎన్ని ఊళ్లలో కట్టించినాడో. ఆయన ఈ వయసులో తలెత్తుకుని తిరిగేది నీకు బరువైపోయిందా?"

"నా ఫోటో పెట్టి తిరుగుతాండారు సంజయ్. అది నా తలకాయ."

"వ్యాసంలో నా పేరూ ఉండాది."

"అందుకే కదా నీ కోసం కాచుకుని కూర్చున్నా!"

పెనుకొండలో కొండ కింద కాఫీకి ఆగారు. ప్రియకు ఫోన్ వచ్చింది. పుణె పిల్ల. "ఇప్పుడే వస్తా అత్తా," అని దిగి, కాఫీ కొట్టు వైపు నడుస్తూ మాట్లాడసాగింది. అద్దాల్లోంచి చేతులు కదలడం కనపడుతోంది. ఒక చెయ్యి గాలిలో గుండ్రంగా తిరిగి, ఆగి, నడుమ నుంచి బయటికి సాగింది. ఏం చెబుతోందో వినకపోయినా అర్థమైంది.

కారులో తల్లీ కొడుకూ మిగిలారు.

"సంజూ."

"ఊఁ."

"సోమవారం తప్పుండాదని ప్రియ చెప్పినప్పుడు నువ్వు 'యాడ' అని అడగలేదు."

సంజయ్ చెయ్యి తగిలి వైపర్ కదిలింది. పొడి అద్దం మీద కిర్రుమంటూ అటూ ఇటూ తిరిగింది. దాన్ని ఆపడానికి అతనికి అవసరమైనదానికన్నా ఎక్కువసేపు పట్టింది.

"అడగలేదా?"

"అడగలేదు. నేరుగా పోయి లాప్‌టాప్ తెరిచి ఆ చోటే చూపించినావు. ఆ పిల్ల కంగారులో గమనించలేదు. నేను పోపు మాడుతున్నా చూస్తానే ఉన్నా."

అతను అద్దంలోంచి తల్లిని చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది సులోచన.

"దసరాకు."

"అప్పటికి పత్రికోళ్లు వేసుకుంటామని చెప్పలేదు కదా!"

"చెప్పలేదు."

సులోచన డబ్బా మూత మీద చెయ్యి పెట్టుకుంది. ఓళిగలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

"రెండు దినాలు ఆగి చెప్దామనుకున్నా," అన్నాడు సంజయ్. "నాయన అప్పటికే డిజైన్ మగ్గం మీదికి ఎక్కించేసినాడు. పొద్దున్నే ఫోన్ చేసి, 'మన నక్షత్రం జానెడు వచ్చిందిరా, మూరెడు వచ్చిందిరా,' అని చెప్తా ఉండె. ఎట్ల చెప్పేది? ఈ పొద్దు కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి. ఆ తర్వాత పత్రికోళ్లు ఒప్పుకున్నారు. బెంగుళూరోళ్లు పిలిచినారు. ఇంక అప్పుడు..."

"నాయన నెత్తిన వేయొద్దు."

"వేయడం లేదు. జరిగింది చెప్తాండా."

"ప్రియకు?"

"దానికి తెలియదు. ఇద్దరం చూసుకోక చేసినామనే అనుకుంటాండాది." సంజయ్ సీట్లో వెనక్కి తిరిగాడు. గొంతు తగ్గించాడు. "అమ్మా, నా మాట విను. నువ్వు ఆమెకు చెప్పొద్దు. చెప్పనంటే ఉత్తరానికి నేను ఇప్పుడే ఒప్పుకుంటా. ఈ పొద్దే పోతాది. సోమవారం ఇంటర్వ్యూలో కూడా నేనే చెప్తా, తప్పు జరిగింది, మేమే పట్టుకుని దిద్దుకున్నామని. దాంట్లో చెడ్డపేరేమీ లేదు, మంచిపేరే. ఆమె అడిగింది కూడా ఇదే కదా?"

"ఆమె అడిగింది నిజం చెప్పమని."

"ఉత్తరంలో నిజమే కదా ఉండేది? క్షేత్రం గాజు మాదిరి కాదు, కమ్మీల మాదిరి. అంతే కదా కావాల్సింది?"

"'ఇద్దరికీ తెలియకుండా జరిగిన పొరపాటు' అని రాసింది. నాకు చదివి వినిపించింది."

"ఆ ఒక్క మాటేనమ్మా."

"ఆ ఒక్క మాట కింద ఆ పిల్ల పేరు కూడా పెడతాండాది."

"పోతే నా ఉద్యోగమొక్కటే పోతాది. నాకు బాధలేదు." అతను కిటికీలోంచి ప్రియ వైపు చూశాడు. "దసరా నుంచి పక్కనే కూర్చుని దాచినానని తెలిస్తే ఆమె ఉంటాదా అమ్మా నాతో?"

కాఫీ కొట్టు దగ్గర ప్రియ ఫోన్ జేబులో పెట్టుకుని, మూడు కాఫీలు ఒడుపుగా పట్టుకుని వస్తోంది. ఎండ కళ్లలో పడి మొహం ముడుచుకుంది. అత్తకు చక్కెర తక్కువ వేయించడం మర్చిపోలేదని గ్లాసు మీద గుర్తుకు పెట్టిన కాగితం ముక్క చెబుతోంది.

"అమ్మా, చెప్పు. సరేనా?"

సులోచన ఏమీ అనలేదు.

ఆడది జవాబు చెప్పకపోతే మగవాళ్లు దాన్ని సరే అన్నట్టు రాసుకుంటారని ఆమెకు పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. అప్పట్లో ఆ సంగతి చాలా పనులకు అక్కరకొచ్చేది. సినిమాలకూ, పుట్టింటి ప్రయాణాలకూ. ఈ రోజు మాత్రం అది కొడుక్కి అక్కరకొచ్చింది. అతని మొహం తేలికపడింది.

"ప్రియా," అన్నాడు సంజయ్ కాఫీ అందుకుంటూ. "ఉత్తరం పంపిద్దాం. ఈ పొద్దే."

ప్రియ డోరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏమన్నావు?"

"నువ్వు చెప్పిందే సరి. ధర్మవరం పోయినాక నాయనకు చెప్పి పంపిద్దాం."

ప్రియ కాఫీ తాగలేదు. సీట్లో కూర్చుని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, చాలాసేపు కిటికీలోంచి కొండ వైపు చూసింది. తర్వాత ఒక చెయ్యి తీసి సంజయ్ మోచేతి మీద వేసింది. "నిన్ను నానా మాటలన్నా," అంది మెల్లగా.

సులోచన ఓళిగల డబ్బా మూత తెరిచి, మళ్లీ మూసింది.

* * *

"ఏమప్పా, దోవలో నిద్రపోయినారా?" రామచంద్రయ్య కొట్టు మెట్ల మీద నిలబడి అరిచాడు. కొత్త పంచె, నుదుట కుంకుమ, మెడలో ఎవరో ముందుగానే వేసిన దండ. "ముఖ్య అతిథి బత్తలపల్లి దాటినాడంట! రా తల్లీ, నీ నక్షత్రం చూద్దువు రా!"

లోపల గోడకు నాగేంద్రమ్మ ఫోటో. దాని కింద దండెం మీద చీర. కొంగు కిందికి జారి, కొత్త దీపాల వెలుగులో జరీ గాజులు గుండ్రంగా, నిండుగా మెరుస్తున్నాయి.

బాగుంది. అదే బాధ. బాగాలేకపోయినా కొంత నయంగా ఉండేది.

"తలుపు రవంత దగ్గరికి వెయ్యండి," అంది సులోచన మొగుడితో. "ప్రియ మీకో మాట చెప్పాలంట."

ప్రియ దాచకుండా చెప్పింది. అడ్డంగా ఉండాల్సింది, రెండుసార్లు తిప్పడం, గాజు, కమ్మీలు. రామచంద్రయ్య మొదట నవ్వుతూ విన్నాడు. తర్వాత నవ్వు మొహం మీద ఉండిపోయింది గానీ దాని వెనక మనిషి లేడు.

"అంటే ఈ గీతలు ఇట్ల పోకూడదా?"

"నడిమి నుంచి అంచుకు పోవాల మామా."

ఆయన చీర దగ్గరికి వెళ్లాడు. తల ఒక వైపుకు వంచి చూశాడు. ఇంకో వైపుకు వంచి చూశాడు. "కొంగు తిప్పి వేలాడదీస్తే?"

"గుండ్రంగా ఉండేదాన్ని ఎట్ల తిప్పినా గుండ్రమే కదండీ," అంది సులోచన.

"నువ్వు గమ్మునుండు!" అని కసిరాడు. కుర్చీలో కూలబడ్డాడు. "కొట్టు తెరిచే గడియలో చెప్తారా ఈ మాట? మైకు పట్టుకుని ఏమి చెప్పాల నేను? లోకంలో యాడా లేని నక్షత్రం మా కోడలు కనిపెట్టిందని కొత్తచెరువు దాకా చాటించినా. ఇప్పుడు అదీ అందరి మాదిరే అని చెప్పాల్నా? ఏం సంజయ్, నీ నోట్లో ఏముండాది? నువ్వు కూడా చేసినావు కదా లెక్క!"

"తప్పు ఇద్దరిదీ నాయనా," అన్నాడు సంజయ్ నేల చూస్తూ.

"మామా, మీరు కొట్టు మూసుకోవాల్సిన పని లేదు," అంది ప్రియ. "చీర చీరే. నేత బాగుండాది. కాకపోతే దాని మీదుండే మాట తప్పు. మన కొట్టులో లోపమున్న చీరకు ఏమి చేస్తారో అదే చెయ్యండి. నేను ఈ ఇంటికి వచ్చినాక నేర్చుకున్నది అదే."

రామచంద్రయ్య తల ఎత్తి తల్లి ఫోటో వైపు చూశాడు. నాగేంద్రమ్మ ఫోటోలో కూడా ఎవరినో అనుమానిస్తున్నట్టే ఉంటుంది. మెడలోని దండ తీసి బల్ల మీద పెట్టాడు.

"మాయమ్మ ఉంటే ఇంతసేపు మాట్లాడనిచ్చేదే కాదు," అన్నాడు. "సులోచనా, దారం తే."

"ఏమండీ..."

"తే అంటి కదా. కొట్టు తెరిచే దినం, మొదటి చీరకే దారం. జనం నవ్వితే నవ్వనీ. మైకులో నేనే చెప్తా. రామచంద్రయ్య కొట్టులో నక్షత్రమైనా సరే, తప్పుంటే చూపించే అమ్ముతామని." మాట బాగా వచ్చిందని ఆయనకే అనిపించినట్టుంది. కాస్త తేరుకున్నాడు. "తెలియక జరిగింది. ఒక ముడి. కట్టు."

సులోచన చేతి సంచిలోంచి సూది గుచ్చిన దారపు ఉండ తీసింది. అది ఎప్పుడూ అందులోనే ఉంటుంది.

ప్రియ ఫోన్ తెరిచి పట్టుకుంది. ఉత్తరం సిద్ధంగా ఉంది. 'రచయితలిద్దరికీ తెలియకుండా జరిగిన ఈ పొరపాటుకు...' "సంజయ్, ఒకసారి చదువు."

"చదవాల్సిన పని లేదు. పంపించు."

"మీరు ముడి వెయ్యండత్తా. నేను పంపిస్తా. రెండూ ఒకేసారి అయిపోనీ." ఆ పిల్ల మొహంలో సోమవారం తర్వాత మొదటిసారి నవ్వు లాంటిది కనపడింది.

సులోచన కొంగు చేతిలోకి తీసుకుంది. పట్టు చల్లగా ఉంది. నక్షత్రం అంచు దగ్గర, జరీ గాజుల మధ్య, సూదితో దారం దించి బయటికి లాగింది. ఇన్నేళ్లలో ఎన్ని చీరలకు వేసిందో ఆమె చేతికి లెక్క లేదు. చెయ్యి ఎప్పుడూ తడబడలేదు.

సంజయ్ చూస్తున్నాడు. చూడకుండానే ఆమెకు తెలుస్తోంది. చిన్నప్పుడు జ్వరం వస్తే మంచం మీంచి చూసేవాడే, ఆ చూపే. అమ్మ చూసుకుంటుందిలే అనే చూపు.

ఒక ముడి వేసింది.

ఇక్కడితో దారం తెంపేయొచ్చు. కొట్టు తెరుచుకుంటుంది. ఉత్తరం వెళుతుంది. పుణె పిల్ల చదువు బాగుపడుతుంది. కొడుకు కాపురం నిలుస్తుంది. అందరికీ కావాల్సింది అందుతుంది, ఒక్క ప్రియకు తప్ప. ఆమెకు అందనిది ఏమిటో ఆమెకే తెలియదు కాబట్టి అడగదు కూడా.

ప్రియ బొటనవేలు ఫోన్ మీదికి వంగింది.

"ఆగు," అంది సులోచన.

ఆమె దారం కొస మళ్లీ చుట్టింది. గట్టిగా లాగింది. మొదటి ముడి మీద రెండోది కూర్చుంది.

బయట నాదస్వరం అందుకుంది. ముఖ్య అతిథి దిగినట్టున్నాడు. ఎవరో తలుపు తట్టారు. రామచంద్రయ్య లేవలేదు. కళ్లద్దాలు సవరించుకుని ముందుకు వంగాడు.

"సులోచనా, పొరపాటున రెండు వేసినావు."

"పొరపాటు కాదండీ."

తలుపు ఇంకా గట్టిగా తట్టారు. ఫోన్ వెలుగు ప్రియ గడ్డం మీద పడుతోంది. ఆమె ముడి చూసింది. అత్త మొహం చూసింది. ఫోన్‌ను బల్ల మీద, దండ పక్కన, మెల్లగా బోర్లా పెట్టింది.

"ఎప్పటి నుంచి, సంజయ్?"

సంజయ్ భార్య వైపు తిరగలేదు. తల్లి చేతిలో ఇంకా తెంపని దారాన్నే చూస్తూ నిలబడ్డాడు.